మెట్నర్ పియానోకు మైసూరు ఆసరా

రష్యన్ స్వరకర్త, పియానిస్టు నికొలాయ్ మెట్నర్ (1880–1951) రాసిన 14 పియానో సొనాటాలూ (పియానో ఒక్కటే వాయించే పెద్ద రచనలు) ఆయన బతికుండగానే అచ్చయ్యాయి. వాయించేవాళ్లే కరువయ్యారు. మిత్రుడు, పేరున్న స్వరకర్త రఖ్మానినోవ్ తన నాలుగో పియానో కాన్సర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) ఆయనకు అంకితమిచ్చినా పరిస్థితి పెద్దగా మారలేదు. చిక్కు వేళ్ల వేగంలో మాత్రమే లేదు. 'నైట్ విండ్' సొనాటా (ఓపస్ 25, నం. 2) 15/8 తాళంలో (ఒక్కో ఆవర్తానికి 15 చిన్న లెక్కలు) మొదలై అరగంటకు పైగా సాగుతుంది. అసలు రాగం చాలాచోట్ల పై స్వరంలో ఉండదు, లోపలి వరుసల్లో దాక్కుంటుంది. దాన్ని పైకి తేలేకపోతే వినేవాళ్లకు మిగిలేది గందరగోళమే. కాగితం మీద చూస్తే ఈ సంగతి అంత తేలిగ్గా అంతుపట్టదు.

అలాంటి సంగీతానికి డబ్బు పెట్టింది మైసూరు మహారాజా జయచామరాజేంద్ర ఒడయార్. తానూ పియానో నేర్చినవాడు, కర్ణాటక కృతులు కూడా కట్టినవాడు. ఆయన ఖర్చుతో 1947లో లండన్‌లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో మెట్నర్ మూడు పియానో కాన్సర్టోలూ రికార్డయ్యాయి. పియానో ముందు కూర్చున్నది 67 ఏళ్ల మెట్నరే. మూడో కాన్సర్టోను ఆయన మహారాజాకే అంకితమిచ్చాడు.

అప్పటి 12 అంగుళాల 78 రికార్డులో (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక పక్కకు పట్టేది నాలుగున్నర నిమిషాలు. అంటే 35 నిమిషాల రచనకు ఎనిమిది పక్కలు కావాలి. పక్క చివర్లో ఒక్క స్వరం జారినా, కోసి అతికించే వీల్లేదు. ఆ పక్కంతా మళ్లీ మొదటినుంచి వాయించాల్సిందే.

ఇంత చేసినా, ఆయన పోయాక సంగీతం మళ్లీ మరుగున పడింది. తర్వాత పియానిస్టు గిలెల్స్ కొన్ని సొనాటాలు వాయించాడు. 1998లో పియానిస్టు మార్క్-ఆండ్రే హామ్లిన్ సొనాటాలన్నీ నాలుగు సీడీల్లో తెచ్చాక, స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) ముందు పెట్టుకుని ఏ స్వరం ఎక్కడ పైకి రావాలో పోల్చి చూసుకోవడం ఎవరికైనా వీలైంది. అయితే ఒకే రికార్డింగు విని నేర్చుకుంటే ఆ వాయిద్యకారుడి సాగదీతలు కూడా స్కోరులో ఉన్నట్టే అనిపిస్తాయి. కనీసం రెండు పోల్చడం మేలు.

స్వరకర్త సొంత రికార్డులతో మరో పేచీ ఉంది. 78 రికార్డుకు, తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల సన్నని సూది పనికిరాదు. గాడి వెడల్పు కాబట్టి సూది మొన అడుగున దొర్లి గరగర పెంచుతుంది. వేగం తప్పితే నష్టం ఇంకా ఎక్కువ. 76 చుట్లతో తీసినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం పెరుగుతుంది, అరగంట సంగీతంలో 46 సెకన్లు మాయమవుతాయి. అందుకే మెట్నర్ వేగం ఇదీ అని మెట్రొనోమ్ అంకె (నిమిషానికి ఎన్ని లెక్కలో) రాసుకునే ముందు, పాత రికార్డు నుంచి చేసిన ఆ కాపీలో 'ఎ' స్వరం ప్రామాణిక శ్రుతి అయిన 440 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో సరిచూసుకోవాలి.