ఫైబర్ కట్టు, నీళ్ళు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఫైబర్ కట్టు వేయించుకున్నాం కనుక నిశ్చింతగా తలస్నానం చేయవచ్చు.

వాస్తవం: ఎముకల వైద్యుడిగా నేను తరచుగా వినే మాట ఇది. పిండికట్టు గట్టిపడిన తరువాత మళ్ళీ నీటిలో నానితే మెత్తబడి ఆకారం కోల్పోతుంది. ఫైబర్ కట్టు గాజునార పట్టీకి పాలియురెథేన్ రెజిన్ పట్టించి తయారుచేసినది కాబట్టి నీటికి చెడిపోదు. అయితే చర్మానికి ఆనుకుని ఉండేది ఫైబర్ కాదు, దాని కింద వరుసలుగా చుట్టిన దూది. గాలి ఆడని ఆ చోట తడిసిన దూది త్వరగా ఆరదు. దాని కింద చర్మం నాని తెల్లబడుతుంది, దురద, దుర్వాసన మొదలై చివరకు పుండ్లు పడతాయి. పైకి కట్టు చెక్కుచెదరకుండా కనిపించడం వల్ల, లోపల జరుగుతున్నది కట్టు విప్పేదాకా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు.

నీటిని తట్టుకునే కట్టు కావాలంటే దూదికి బదులు గోర్‌టెక్స్ వంటి, నీటిని పీల్చుకోని లోపలి పొరను వాడాలి. ఈ కోరికను కట్టు వేయకముందే చెప్పాలి, ఎందుకంటే దూది మీద వేసిన కట్టును తరువాత వాటర్‌ప్రూఫ్‌గా మార్చలేము. ఖర్చు ఎక్కువ, అన్ని ఆసుపత్రులలోనూ దొరకదు.

అపోహ: ఖర్చు భరించగలిగితే ఏ విరుపుకైనా వాటర్‌ప్రూఫ్ కట్టు వేయించుకోవచ్చు.

వాస్తవం: దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వాపు పెరుగుతుంది కనుక అప్పుడు చుట్టూ మూసిన కట్టు కంటే, ఒక పక్క తెరిచి ఉండే స్లాబే క్షేమం. పక్కకు జరిగిన ఎముకను సరిచేసి కూర్చినప్పుడు కట్టును అవయవానికి అచ్చుగా ఒత్తి నిలపాలి, అందుకు పిండికట్టు బాగా లొంగుతుంది. చర్మం నుంచి బయటికి వచ్చిన పిన్నులు, పచ్చి కుట్లు, పుండ్లు ఉన్నవారికీ, మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికీ నేను వాటర్‌ప్రూఫ్ కట్టును సూచించను. వాపు తగ్గిన, కదలని విరుపులకే ఇది తగినది. పిల్లల మణికట్టు దగ్గర ఎముక తెగకుండా నొక్కుకుపోయిన విరుపులలో చాలావాటికి విప్పి పెట్టుకునే స్ప్లింటు సరిపోతుంది, కాబట్టి అక్కడ స్నానం సమస్యే రాదు.

అపోహ: ఫైబర్ కట్టుతో ఎముక త్వరగా అతుకుతుంది.

వాస్తవం: త్వరగా ఏమీ అతకదు. బరువు తక్కువ, ఎక్స్‌రేలో ఎముక స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

అపోహ: వాటర్‌ప్రూఫ్ కట్టు లోపలికి నీరు చేరదు.

వాస్తవం: చేరుతుంది, కాకపోతే నిలవదు. స్నానం తరువాత చేతిని వంచి నీటిని కారనివ్వాలి. ఈతకొలనులో దిగితే మంచినీటితో లోపలిదాకా కడగాలి. సముద్రపు ఇసుక, చెరువు బురద లోపలికి పోతే చర్మాన్ని గీరుతాయి, అందుకే అక్కడికి వెళ్ళవద్దని చెబుతాను. దూది ఉన్న మామూలు కట్టు కొద్దిగా తడిస్తే హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి మాత్రమే పట్టాలి, వేడిగాలి చర్మాన్ని కాలుస్తుంది. బాగా తడిస్తే ఆలస్యం చేయకుండా కట్టు మార్పించుకోవాలి. దురదకు పుల్లలు, అల్లిక సూదులు దూర్చకూడదు, కొబ్బరినూనె పోయకూడదు. కట్టు తడిసినా తడవకపోయినా, నొప్పి అంతకంతకూ పెరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా, కదపలేకపోయినా ఉదయం దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.