చేదు తింటే షుగరు తగ్గుతుందా? మొక్కల ఆహారం, పేగుల్లోని బాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

మధుమేహం ఉన్నవారికి ఆహార సలహాలిచ్చే వృత్తిలో ఉన్నందువల్ల, మెంతుల గురించో కాకరకాయ గురించో నన్ను ఎవరో ఒకరు అడగని రోజు ఉండదు. ఆ ప్రశ్నల వెనుక ఉన్న ఆశను నేను గౌరవిస్తాను. మొక్కల్లోని పదార్థాల్లో చాలా భాగం పెద్దపేగులోని బాక్టీరియా ద్వారానే పనిచేస్తుందన్న సంగతి తెలియక, పొడులకూ కషాయాలకూ డబ్బు పోసి, వేసుకోవలసిన మాత్రలు మానేసేవారిని చూసినప్పుడు మాత్రం బాధ కలుగుతుంది.

అపోహ: చేదు తీపికి విరుగుడు కాబట్టి, చేదుగా ఉన్నదేదైనా షుగరును తగ్గిస్తుంది.

వాస్తవం: నాలుకకు తెలిసే రుచిని బట్టి రక్తంలోని గ్లూకోజు తగ్గదు. కాకరకాయపై అప్పటివరకు జరిగిన పరీక్షలను 2012లో కోక్రేన్ (వైద్య ఆధారాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష పరిశీలించి, టైప్ 2 మధుమేహానికి దాన్ని మందుగా సూచించడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. కూరగా తినడానికి అభ్యంతరం ఏమీ లేదు.

మెంతుల సంగతి వేరు, కానీ అందుకు కారణం వాటి చేదు రుచి కాదు. నానబెట్టిన మెంతుల్లో చేతికి తగిలే జిగట గెలాక్టోమానన్ అనే పీచు. గోరుచిక్కుడు గింజల్లోనూ ఈ జాతి పీచే ఉంటుంది. అది చిన్నపేగులో గ్లూకోజు రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గించి, తాను జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే ఆమ్లాలను తయారుచేస్తాయి. బ్యుటిరేట్ పేగు గోడలోని కణాలకు ఇంధనంగా ఉపయోగపడుతుంది. ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే జీఎల్‌పీ-1 హార్మోనును వెలువరించేలా ఈ ఆమ్లాలు పేగులోని మరికొన్ని కణాలను ప్రేరేపిస్తాయి.

ఇక మోతాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో, టైప్ 1 మధుమేహం ఉన్నవారికి కొవ్వు తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున మధ్యాహ్న, రాత్రి భోజనాల్లో కలిపి 10 రోజులు పెట్టారు. మూత్రంలో పోయే గ్లూకోజు 54 శాతం తగ్గింది. మనం ఉదయాన్నే మింగే చెంచాడు మెంతులు సుమారు 5 గ్రాములు మాత్రమే గనుక, ఆ ఫలితాన్ని వీటినుంచి ఆశించడం న్యాయం కాదు.

అపోహ: రక్తంలోకి చేరని పదార్థం వృథా.

వాస్తవం: పండ్లు, పప్పుల పొట్టు, రాగుల పైపొరల్లోని పాలీఫినాల్స్‌లో (మొక్కలు తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు) అధికభాగం చిన్నపేగులో ఇంకకుండా పెద్దపేగుకే చేరుతుంది. దానిమ్మలోని ఎల్లాజిటానిన్లనే పాలీఫినాల్స్‌ను, శరీరం ఇముడ్చుకోగల యూరోలిథిన్లనే చిన్న పదార్థాలుగా మార్చేది బాక్టీరియాయే. ఆ పని చేయగలిగిన బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండవు. ఒకే పండు తిన్న ఇద్దరికి ఒకే ఫలితం రాకపోవడానికి ఇదొక కారణం.

అపోహ: మొక్కల ఆహారం మొదలుపెడితే మాత్రలు మానేయవచ్చు.

వాస్తవం: షాంఘై పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పీచు అధికంగా ఉన్న ఆహారం తీసుకున్న వర్గంలో పైన చెప్పిన ఆమ్లాలను తయారుచేసే బాక్టీరియా పెరిగి, మామూలు ఆహార సలహా పాటించిన వర్గంకన్నా మూడు నెలల సగటు షుగరు మరింత మెరుగుపడింది. అయితే రెండు వర్గాలవారూ అకార్బోస్ అనే షుగరు మాత్ర వేసుకుంటూనే ఉన్నారన్న విషయాన్ని దీన్ని ఉదహరించేవారు తరచుగా వదిలేస్తారు. మధుమేహానికి విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలాలు కూడా గలీగా అనే మొక్కలోనే ఉన్నాయి. అదీ పేగుల్లోని బాక్టీరియాను మారుస్తుంది. మధుమేహుల బాక్టీరియాలో అంతకుముందు కనిపించిన తేడాల్లో కొన్ని నిజానికి ఈ మాత్ర వల్ల వచ్చినవేనని 2015లో తేలింది.

అపోహ: పీచు మంచిదైతే రేపటినుంచే రెట్టింపు తినాలి.

వాస్తవం: ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరించి, వారం తిరగకముందే మానేస్తారు. మన దేశపు ప్రమాణం ప్రకారం 2000 కిలోకాలరీల ఆహారానికి 30 గ్రాముల పీచు కావాలి. ఆ స్థాయికి ఉలవలు, ఆకుకూరలు, పొట్టుతీయని పప్పులతో కొన్ని వారాల్లో చేరుకోండి, నీరు తగినంత తాగండి. గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారు ఆహారాన్ని ఇలా మార్చేటప్పుడు ఇంట్లో షుగరు చూసుకుంటూ ఉండాలి. షుగరు మరీ పడిపోయిందని తెలిపే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి, మోతాదు తగ్గించే విషయం డాక్టరుతో మాట్లాడాలి.