చెల్లికి నాలుగు రోజుల జ్వరం, అన్నకు ఐసీయూ: డెంగీలో ఈ తేడా ఎక్కడిది?

పోయిన వానాకాలం మా పక్కింట్లో ఇద్దరు పిల్లలకీ ఒకే వారంలో డెంగీ వచ్చింది. చెల్లికి ఎనిమిదేళ్లు. దగ్గు, జలుబు అంటూ నెలకోసారి డాక్టర్ దగ్గరికి పరుగెత్తించే పిల్ల. నాలుగు రోజులు మంచం మీద ఉండి, అయిదో రోజు పెరుగన్నం అడిగి తిని లేచి తిరిగింది. అన్నకు పదహారేళ్లు. కబడ్డీ ఆడతాడు, మాత్ర మింగిన రోజు వాళ్లింట్లో ఎవరికీ గుర్తులేదు. వాడికీ అయిదో రోజే జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడిపోయాయి. రాత్రికి ఐసీయూలో చేర్చారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "వాడికి ఇమ్యూనిటీ తక్కువేమో." ఆ మాట విని, తానే తిండి సరిగా పెట్టలేదేమోనని వాళ్లమ్మ కుమిలిపోయింది. మూడు రోజుల తర్వాత పిల్లాడు తేరుకున్నాడు కానీ, ఆమెలో ఆ బాధ పోలేదు.

వాడి ల్యాబ్ రిపోర్టు చూశాను. ఎన్‌ఎస్ 1 (డెంగీ వైరస్ ప్రోటీన్) పాజిటివ్. కింద ఐజీఎం, దాని కింద ఐజీజీ. రెండూ వైరస్‌ను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలే: ఐజీఎం కొత్తగా సోకినప్పుడు ముందు వచ్చేది, ఐజీజీ తర్వాత వచ్చి ఏళ్ల తరబడి నిలిచేది. చెల్లి కాగితంలో ఐజీజీ నెగెటివ్, వాడి కాగితంలో పాజిటివ్, అదీ చాలా పెద్ద అంకె. జ్వరం మొదలైన అయిదో రోజుకే ఐజీజీ అంత ఉందంటే, ఆ ఒంటికి డెంగీ కొత్త కాదని దాదాపుగా చెప్పొచ్చు. ఆరా తీస్తే వాళ్లమ్మకి గుర్తొచ్చింది. వాడు రెండో తరగతిలో ఉండగా మూడు రోజులు జ్వరం వచ్చింది, "వైరల్ ఫీవరే" అన్నారు, తగ్గిపోయింది. ఐసీయూ దాకా తీసుకెళ్లింది ఒంట్లో శక్తి లేకపోవడం కాదు. ఆ పాత జ్వరాన్ని ఒళ్లు మరిచిపోకపోవడం. ఈ విషయం తేలడానికి శాస్త్రవేత్తలకు కొన్ని దశాబ్దాలు పట్టింది.

డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్‌లో సుసుము హొట్టా, అమెరికాలో ఆల్బర్ట్ సేబిన్ మొదటి రకాలను పట్టుకున్నారు. పోలియో చుక్కలతో మనకు తెలిసిన సేబినే ఈయన. వాలంటీర్ల మీద చేసిన ప్రయోగాల్లో ఆయన ఒక సంగతి గమనించారు. ఒక రకం డెంగీ వచ్చి తగ్గినవాళ్లకు ఆ రకం మళ్లీ రాదు. కానీ వేరే రకం నుంచి రక్షణ రెండు మూడు నెలలే. ఆ తర్వాత ఏమవుతుందన్నది అప్పట్లో ఎవరికీ పెద్ద ప్రశ్న కాలేదు. ఎందుకంటే ఎముకలు విరిగిపోయేంత నొప్పులున్నా, డెంగీ ప్రాణం తీసే జబ్బు కాదనే అందరి నమ్మకం.

1950ల్లో మనీలాలో, 1958లో బ్యాంకాక్‌లో పిల్లలు రక్తస్రావంతో, షాక్‌తో (రక్తపోటు పడిపోయి) చనిపోవడం మొదలయ్యాక ఆ నమ్మకం పోయింది. ఇది కొత్త జబ్బనుకున్నారు. పరీక్షిస్తే దొరికింది డెంగీయే. మూడో రకం, నాలుగో రకం కూడా 1956లో మనీలాలోనే బయటపడ్డాయి.

బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికన్ డాక్టర్ స్కాట్ హాల్‌స్టెడ్‌కు ఒక లెక్క కుదరలేదు. అదే ఊళ్లో ఉంటున్న విదేశీయులకు డెంగీ వస్తోంది, తగ్గిపోతోంది. షాక్‌లోకి వెళ్తున్నది స్థానిక పిల్లలు. వాళ్లలోనూ రెండు గుంపులు కనిపించాయి. ఒకటి, ఇంతకుముందే ఒకసారి డెంగీ సోకిన పిల్లలు. రెండోది, మొదటిసారే సోకిన ఏడాదిలోపు పసివాళ్లు. ఈ రెండో గుంపే అసలు చిక్కుముడి. పసివాడికి పాత డెంగీ ఎక్కడిది? తల్లికి వచ్చి ఉంటుంది. ఆమె యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డకు అందాయి. మొదటి కొన్ని నెలలు అవి కాపాడాయి. తర్వాత తగ్గుతూ తగ్గుతూ, వైరస్‌ను అంటుకోగలిగినా చంపలేని స్థాయికి చేరాయి.

అలా సగం పట్టు పట్టిన యాంటీబాడీ చేసే హాని ఇదీ: వైరస్‌కు అంటుకున్న యాంటీబాడీ తోకను చూసి, చెత్త ఊడ్చే తెల్లకణాలు ఆ రెంటినీ కలిపి మింగేస్తాయి. చావాల్సిన వైరస్ ఆ కణంలోనే పిల్లలు పెడుతుంది. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. వైరస్ పెరిగే కొద్దీ ఒళ్లు తిరగబడుతుంది. ఆ పోరులో సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. షాక్ దానివల్లే.

హాల్‌స్టెడ్ మాటను చాలామంది ఒప్పుకోలేదు. క్యూబాలో జరిగింది చూశాక వాదన బలపడింది. 1977లో అక్కడికి మొదటి రకం డెంగీ వచ్చింది, జనాభాలో నలభై శాతం పైనే సోకింది, పెద్దగా ఎవరినీ బాధపెట్టలేదు. 1981లో రెండో రకం వచ్చింది. 3,44,203 కేసులు, 158 మరణాలు, వాటిలో 101 మంది పిల్లలు. మళ్లీ 1997లో శాంటియాగో నగరానికి అదే రెండో రకం తిరిగొచ్చింది. ఈసారి పిల్లలకు ఏమీ కాలేదు, ప్రమాదంలో పడిందంతా పెద్దవాళ్లే. ఎందుకంటే ఇరవై ఏళ్ల నాటి మొదటి రకం సోకింది వాళ్లకే. క్యూబా శాస్త్రవేత్త మరియా గ్వాడలూపే గుజ్మాన్ బృందం రాసిపెట్టిన ఈ లెక్క ఎప్పుడు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి చిన్న జ్వరం ఒంట్లో అలా కాచుకుని కూర్చుంది.

అయితే రెండోసారి వచ్చిన అందరికీ ప్రమాదం కాదు, కొద్దిమందికే. 1995లో పెరూలోని ఇకిటోస్‌లో వేలమందికి రెండో రకం రెండో డెంగీగా సోకినా షాక్ కేసులు రాలేదు. అక్కడ తిరిగిన వైరస్ వంశం వేరు. షుగర్, గర్భం, జన్యువులు, వీటన్నిటికీ పాత్ర ఉంది. ఒకే కారణం చెప్పి ముగించే జబ్బు కాదిది. నికరాగ్వాలో ఎనిమిది వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనం మాత్రం హాల్‌స్టెడ్‌నే బలపరిచింది. యాంటీబాడీలు బాగా ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లు ఫర్వాలేదు, మధ్యస్థంగా ఉన్నవాళ్లకు తీవ్ర డెంగీ ముప్పు ఏడు రెట్లకు పైగా పెరిగింది.

అదే ఏడాది ఫిలిప్పీన్స్ ఈ పాఠాన్ని చాలా బాధగా నేర్చుకుంది. 2016 నుంచి అక్కడ 8 లక్షల మందికి పైగా బడిపిల్లలకు డెంగ్వాక్సియా టీకా వేశారు. 2017 నవంబరులో తయారీదారు సనోఫీయే ప్రకటించింది: ఇంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో ఈ టీకా తీవ్రతను పెంచవచ్చని. అలాంటివాళ్లకు టీకాయే మొదటి డెంగీలా పనిచేసిందన్నమాట. కార్యక్రమం ఆగింది. తల్లిదండ్రులకు తట్టు టీకా మీద కూడా నమ్మకం పోయింది.

మన సంగతికొస్తే, 1963లో కలకత్తా, 1996లో ఢిల్లీ పెద్ద దెబ్బలు తిన్నాయి. ఢిల్లీలో ఆ ఏడాది పదివేల కేసులు, 423 మరణాలు. 2017-18లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్తంగా చేసిన రక్త పరీక్షల్లో దక్షిణాదిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా అప్పటికే డెంగీ సోకి ఉంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. పక్కింటి అబ్బాయి లాంటివాళ్లు మన వీధుల్లో ఎంతమందో.

అయినా మనం చూసేది ప్లేట్‌లెట్ల అంకెనే. పూటపూటకీ ఆ అంకె కోసం టెన్షన్, బొప్పాయి ఆకుల కోసం పరుగులు. సింగపూర్, మలేసియాల్లో 372 మంది పెద్దవాళ్లపై జరిపి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో, రక్తస్రావం లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు. కనిపెట్టుకుని ఉండాల్సింది జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజుల్ని. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చికాకు కనబడితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు లెక్కకట్టి ఎక్కించే సెలైనే ప్రాణం నిలబెడుతుంది.

2024 ఆగస్టులో హరియాణాలోని రోహ్‌తక్‌లో డెంగీఆల్ అనే టీకా మూడో దశ ట్రయల్ మొదలైంది. ఐసీఎంఆర్, పనాసియా బయోటెక్ కలిసి చేస్తున్న ఈ పరీక్షలో పదివేలకు పైగా మంది పెద్దవాళ్లను రెండేళ్ల పాటు గమనిస్తారు. నాలుగు రకాలకూ ఒకే టీకా. ఫలితాలు వచ్చిన రోజు నేను ముందుగా వెతికేది, ఇంతకుముందు డెంగీ సోకనివాళ్ల వరుసలో ఏముందనే.