కాగితాలున్నాయి సరే, తల్లి ఏది?

కుక్కపిల్లను కొనబోయేవారు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "కాగితాలున్నాయా?" అమ్మేవారు కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారు. ముద్ర వేసిన పెడిగ్రీ సర్టిఫికెట్ తీసి చేతిలో పెడతారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు, నడుమ ఒకరిద్దరు ఛాంపియన్లు. కొనేవారి మనసు కుదుటపడుతుంది. ఆ కాగితం నిజమైనదే కావచ్చు. కానీ అది చెప్పేది వంశం సంగతి మాత్రమే. తల్లి గుండె ఎలా ఉందో, తుంటి కీళ్లు గట్టిగా ఉన్నాయో లేదో, పిల్లలు మనుషుల మధ్య కళ్లు తెరిచాయో ఇనుప బోనులో తెరిచాయో అందులో రాయరు. ఎందుకు రాయరన్నది అర్థం కావాలంటే ఆ కాగితం పుట్టిన చోటికి వెళ్లాలి.

1859 జూన్‌లో ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్ అపాన్ టైన్‌లో ఒక డాగ్ షో జరిగింది. ఆధునిక పోటీలకు అదే మొదలు అంటారు. వచ్చినవి 60 కుక్కలు, అన్నీ పాయింటర్, సెట్టర్ అనే వేటకుక్క జాతులే. గెలిచినవారికి బహుమతి తుపాకులు. అంతకుముందు వేటకుక్క విలువ వేటలో తేలేది, గొర్రెలు కాసే కుక్క విలువ మందలో తేలేది. పోటీలో వరసగా నిలబెట్టి చూసేటప్పుడు పనితనం కనబడదు. కనబడేది రూపమే. చెవి ఎంత పొడవు, ముక్కు ఎంత పొట్టి, చర్మం ఎన్ని మడతలు అన్నదే లెక్కలోకి వచ్చింది.

1873లో లండన్‌లో జాతికుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మరుసటి ఏడాది వచ్చిన తొలి స్టడ్ బుక్‌లో, అంటే వంశాల నమోదు పుస్తకంలో, 4,000కు పైగా కుక్కల వివరాలు చేరాయి. 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వచ్చింది. ఆ పుస్తకం రాసినవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. ఒకే పేరుతో ఎన్నో కుక్కలు పోటీలకు వచ్చేవి, ఏది ఏదో తెలిసేది కాదు. ఆ గందరగోళాన్ని తీర్చడానికే నమోదు మొదలైంది. మన చేతికొచ్చే సర్టిఫికెట్‌కు మూలం అదే: కుక్కను గుర్తుపట్టడానికి పెట్టుకున్న పద్దు. ఆరోగ్యానికి హామీగా దాన్ని ఎవరూ రాయలేదు.

కాలం గడిచేకొద్దీ ఆ పద్దు తలుపులు మూసుకుంది. పుస్తకంలో ఉన్న జంటకు పుట్టిన పిల్లకే పుస్తకంలో చోటు. బయటి రక్తం రాదు. పైగా గెలిచిన మగకుక్కతోనే అందరూ జతకట్టించాలనుకుంటారు. దీని ఫలితం ఎంతదాకా వెళ్లిందో 2008లో లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు బ్రిటన్ నమోదు రికార్డుల నుంచే లెక్కగట్టారు. దేశంలో 20,000 బాక్సర్ కుక్కలున్నా, జన్యు వైవిధ్యం చూస్తే 70 కుక్కల పాటి మాత్రమేనని తేలింది.

ఈ చరిత్రంతా ఒక్క జాతిలో చూడాలంటే కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌ను చూడాలి. పాత చిత్రాల్లో ఆ చిన్న స్పానియల్‌కు ముక్కు పొడవుగా ఉండేది. 19వ శతాబ్దపు మోజులో అది అణగిపోయి ముఖం చదునైంది. 1926లో ఒక అమెరికన్ ధనికుడు, పాత చిత్రాల్లో ఉన్నట్టే పొడవు ముక్కున్న స్పానియల్‌ను తెచ్చినవారికి 25 పౌండ్లు ఇస్తానని ఇంగ్లాండ్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో ప్రకటించాడు. ఆ బహుమతి కోసం వెతికి తెచ్చిన కొద్దిపాటి కుక్కలతోనే కొత్త జాతి మొదలైంది. 1945లో దానికి విడిగా గుర్తింపు వచ్చింది. పునాదిలోనే కుక్కలు తక్కువ, రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకా తగ్గాయి. ఆ కొద్ది కుక్కల రక్తంలో ఉన్న జబ్బు జాతి అంతటా పాకింది. కావలియర్లలో సుమారు సగానికి అయిదేళ్లు నిండేసరికే గుండె కవాటాల్లో ఒకటైన మైట్రల్ వాల్వ్ జబ్బుకు గుర్తయిన చప్పుడు వినబడుతుంది. పుర్రెలో మెదడుకు చోటు చాలక వెన్నుపాములో నీటి బుడగలు ఏర్పడే సిరింగోమైలియా ఇంకో బాధ. మెడ తాకితే చాలు, కుక్క విలవిల్లాడుతుంది. ఒళ్లో ఒదిగి కూర్చునే అంత మెత్తని ప్రాణికి ఈ నొప్పి రావడం నాకు ఎప్పుడూ తట్టుకోలేని విషయం.

పుస్తకం పట్టుదల ఎంతటిదో ఒంటినిండా మచ్చలుండే డాల్మేషియన్ జాతి కథ చెబుతుంది. స్వచ్ఛమైన డాల్మేషియన్లన్నిట్లో యూరిక్ ఆమ్లం సరిగా విరగని లోపం ఉంటుంది. మూత్రంలో రాళ్లు కట్టేది అందుకే. 1973లో అమెరికాలో ఒక జన్యుశాస్త్రవేత్త ఒకే ఒక్కసారి పాయింటర్‌తో జతకట్టించి, ఆ తర్వాత తరతరాలూ డాల్మేషియన్లతోనే కలుపుతూ ఆ లోపాన్ని తొలగించాడు. చూపుకు అవి అచ్చమైన డాల్మేషియన్లే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటికి పూర్తిగా తలుపు తీసింది 2011లో. అంటే దాదాపు నలభై ఏళ్లపాటు జబ్బున్న కుక్కకు కాగితం దొరికింది, జబ్బు లేని కుక్కకు దొరకడం గగనమైంది.

కాగితం ఇంకో దారిలో కూడా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పంటలు దెబ్బతిన్న రైతులు కుక్కపిల్లల పెంపకాన్ని రాబడి మార్గంగా పట్టుకున్నారు. ఖాళీ కోళ్లగూళ్లు కుక్కల బోనులయ్యాయి. పిల్లలు దళారుల ద్వారా ఎక్కడో దూరాన ఉన్న దుకాణాల అద్దాల వెనక్కి చేరేవి. వాటిలో చాలావాటికి నమోదు కాగితాలు పక్కాగా ఉండేవి. "పప్పీ మిల్లు" అన్న మాట అలా వచ్చింది. అద్దం ముందు నిలబడ్డ మనిషికి పిల్ల కనబడుతుంది, తల్లి కనబడదు. వ్యాపారం నిలిచిందే ఆ మరుగు మీద.

చట్టం కూడా మెల్లగానే కదిలింది. 1965లో పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషియన్ దొంగల పాలై న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాలలో చనిపోయింది. ఆ కోపంలోంచి 1966లో అమెరికాలో జంతు సంరక్షణ చట్టం వచ్చింది. తర్వాత అది టోకు బ్రీడర్లకు, అంటే పిల్లలను పుట్టించి టోకున అమ్మేవారికి, కూడా వర్తించింది. అయినా దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం బోను నేల వైశాల్యానికి లెక్క ఏమిటంటే, ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు 6 అంగుళాలు కలిపి, దాని వర్గం కడితే చాలు. లైసెన్సు ఉన్న బ్రీడర్ అంటే ఇంత మాత్రం చోటు ఇచ్చినవాడు కూడా కావచ్చు.

ఇదే సమయంలో శాస్త్రం ముఖ్యమైన మాట ఒకటి చెప్పింది. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించిన శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ 1965లో తమ ఫలితాలు ప్రచురించారు. పుట్టిన 3వ వారం నుంచి 12వ వారం దాకా పిల్ల ఎవరిని చూసి, ఎవరి స్పర్శలో పెరిగిందన్నదే దాని స్వభావానికి పునాది. 14 వారాల దాకా మనిషిని ఎరగకుండా పెరిగిన పిల్లలు తర్వాత మనుషులను చూసి అడవి జంతువుల్లా బెదిరాయి. ఆ వారాల్లో ఎక్కువ భాగం గడిచేది బ్రీడర్ దగ్గరే. కొనేవారు పిల్లను ఇంటికి తెచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది, మంచిగానో చెడుగానో.

2008లో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ జాతికుక్కల జబ్బుల సంగతిని ఇంటింటికీ చేర్చింది. మరుసటి ఏడాది బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ తల్లీకొడుకుల, తండ్రీకూతుళ్ల, తోబుట్టువుల జతలకు పుట్టిన పిల్లల నమోదు ఆపేసింది. అప్పటిదాకా వాటికీ కాగితం దొరికేదన్నమాట! 2010లో జీవశాస్త్రవేత్త పాట్రిక్ బేట్సన్ ఇచ్చిన నివేదిక, జబ్బుల పరీక్షలతో పాటు కొనేవారి బాధ్యతనూ ఎత్తి చూపింది.

2013లో వేల్స్‌లోని ఒక పప్పీ ఫారం నుంచి బయటపడ్డ లూసీ కూడా కావలియరే. వరస కాన్పులతో, ఇరుకు బోనులో వెన్ను వంగిపోయి, తుంటి కీళ్లు బిగుసుకుపోయి ఉంది. 2016లో చనిపోయింది. దాని పేరుతోనే పిలుచుకుంటున్న చట్టం 2020 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లాండ్‌లో అమల్లోకి వచ్చింది. ఆరు నెలల లోపు పిల్లను దుకాణాలు, దళారులు అమ్మకూడదు. బ్రీడర్ తాను పెంచిన చోటే, తల్లితో కలిపి చూపించి అమ్మాలి. ఫ్రాన్స్ 2024 నుంచి దుకాణాల్లో కుక్కల అమ్మకం ఆపింది. నార్వేలో ఓస్లో కోర్టు 2022లో కావలియర్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ జాతుల్ని ఇప్పుడున్న తీరులో పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమంది. పైకోర్టు బుల్‌డాగ్ విషయంలో ఆ తీర్పును మార్చింది. కావలియర్ విషయంలో మాత్రం 2023లో సుప్రీంకోర్టు కూడా అదే మాట నిలబెట్టింది.

ఇంత చరిత్ర తర్వాత బాధ్యతగల బ్రీడర్ అన్న మాటకు అర్థం మారింది. కావలియర్లనే తీసుకుంటే, రెండున్నరేళ్లు నిండి గుండె బాగుందని తేలాకే జతకట్టించాలని, ఆ కుక్క తల్లిదండ్రుల గుండెలూ అయిదేళ్లకు శుభ్రంగా ఉండాలని ఒక నియమం ఉంది. అది పాటించేవారు పిల్లను ముద్దుగా చూపించే ముందు అమ్మమ్మ గుండె రిపోర్టు చూపించగలరు. పెద్ద జాతుల్లో అదే పని తుంటి ఎక్స్‌రే చేస్తుంది. "డీఎన్‌ఏ పరీక్ష చేయించాం" అన్న మాటతో తృప్తిపడకూడదు. తుంటి, గుండె జబ్బుల్లో చాలావరకు ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. ఎక్స్‌రే, స్టెతస్కోప్ చెప్పేది ఆ పరీక్ష చెప్పలేదు.

తల్లిని చూడాలన్న నియమం వచ్చాక కొందరు అద్దె ఇళ్లలో వేరే కుక్కను తల్లిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అందుకే తల్లిని చూడటమంటే దూరం నుంచి ఒక ఆడకుక్కను చూడటం కాదు. పొదుగు నిండుగా ఉందా, పిల్లలు దాని కిందికి దూరి పాలు వెతుకుతున్నాయా, బ్రీడర్ పిలిస్తే తోక ఊపుతూ వస్తుందా అని చూడాలి. మంచి బ్రీడర్ ఈ లోపు మనల్నే ప్రశ్నలడుగుతారు. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, ఇదివరకు పెంచిన కుక్క ఏమైంది, పెంచలేని రోజొస్తే తిరిగి నాకే ఇస్తారా అని. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను చేతికివ్వరు. చాలాసార్లు వాళ్ల దగ్గర ఆ రోజు అమ్మడానికి పిల్లే ఉండదు. వచ్చే కాన్పు దాకా, ఒక్కోసారి ఏడాదైనా, ఆగమంటారు.