ఉన్ని రాయితీ: వివాదమంతా 1993 దగ్గరే

అమెరికాలో ఉన్ని, మోహెయిర్ (అంగోరా మేకల బొచ్చు) పెంపకందారులకు ప్రభుత్వం ఇస్తున్న మద్దతు మళ్లీ చర్చకు వచ్చింది. 2025 జూలైలో అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం మోహెయిర్ రుణ ధరను, అంటే సరుకు తాకట్టుపై ప్రభుత్వం రుణమిచ్చే ధరను, పౌనుకు 4.20 డాలర్ల నుంచి 5 డాలర్లకు, గ్రేడింగ్ చేసిన (నాణ్యతను బట్టి వర్గీకరించిన) ఉన్ని రుణ ధరను 1.15 నుంచి 1.60 డాలర్లకు పెంచింది. సైనికుల దుస్తుల కోసం 1954లో పుట్టిన పథకం ఇంకా బతికే ఉందన్నది విమర్శకుల పాత ఎత్తిపొడుపు. అది పూర్తి నిజం కాదు. ఆ పథకం 1995 డిసెంబరు 31తో ముగిసిపోయింది.

దాన్ని ముగించిన తీరులోనే నేటి తగాదాకు మూలం ఉంది. 1993లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ నేతృత్వంలోని సమీక్ష ఉన్ని రాయితీని వృథా ఖర్చుల జాబితాలో చేర్చింది. నవంబరు 1న క్లింటన్ రద్దు చట్టంపై సంతకం చేశారు. రెండేళ్లపాటు కోతపెట్టిన చెల్లింపులు జరిపి, ఆపై మొత్తంగా ఆపేశారు. విమర్శకుల వాదనలో బలం లేకపోలేదు. పెంటగాన్ 1960లోనే ఉన్నిని వ్యూహాత్మక సరుకుల జాబితా నుంచి తీసేసింది. ఏటా 30 కోట్ల పౌన్ల ఉత్పత్తి అన్న 1954 నాటి లక్ష్యం ఎన్నడూ నెరవేరలేదు. పైగా చెల్లింపు అమ్మకపు సొమ్ములో శాతంగా ఉండేది కనుక, ఎక్కువ సరుకు మంచి ధరకు అమ్మినవారికే ఎక్కువ రాయితీ దక్కేది.

టెక్సాస్ పెంపకందారులు చెప్పే కథ వేరు. తాము తీసుకున్నది విదేశీ ఉన్నిపై వసూలైన దిగుమతి సుంకంలో 70 శాతానికి మించని వాటాయేనని వారంటారు. చట్టంలోని పరిమితి కూడా అదే. దేశపు మోహెయిర్‌లో అత్యధిక భాగం పండే టెక్సాస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమి సున్నపురాతి నేల. నాగలి దిగని ఆ గుట్టల మీద పొదలు మేసి బతికే అంగోరా మేకకు సాటి రాగల పంట ఏదీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక ధర హామీని నమ్మి మందలు పెంచుకున్నవారికి సర్దుకోవడానికి దొరికింది రెండేళ్లు. సరిగ్గా 1993లోనే మాంసపు జాతి బోయర్ మేకలు అమెరికా పెంపకందారులకు అందుబాటులోకి రావడంతో, చాలామంది అంగోరాలను వదిలించుకుని అటు మళ్లారు. 1960ల నడుమ కోట్ల పౌన్ల మోహెయిర్ తీసిన టెక్సాస్ మందలు నేడు నామమాత్రంగా మిగిలాయి, అగ్రస్థానం దక్షిణాఫ్రికాది. రాయితీ లేకుంటే నిలవని పరిశ్రమ అని దీన్నే చూపించి వాదించేవారు, పడగొట్టిన వేగాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోరు.

మద్దతు తిరిగి వచ్చింది, అయితే మరో రూపంలో. 1990ల చివర్లో మోహెయిర్‌కు తాత్కాలిక రుణాలు ఇచ్చారు. 2002 వ్యవసాయ చట్టం ఉన్నినీ మోహెయిర్‌నూ గోధుమ, మొక్కజొన్నల సరసన మార్కెటింగ్ రుణ పథకంలో చేర్చింది. సరుకును తాకట్టు పెట్టి నిర్ణీత ధరకు రుణం తీసుకోవచ్చు. మార్కెట్ ధర దానికంటే పడిపోతే తక్కువ మొత్తం చెల్లించి రుణం తీర్చుకోవచ్చు, లేదా రుణం మానుకుని తేడా సొమ్ము పొందవచ్చు. ధర బాగున్న ఏడాది ఖజానాపై ఆ భారం పడదు. పాత పథకంలా సుంకాల వాటాతో దీనికి సంబంధం లేదు, అమ్మకంపై శాతం లెక్కా లేదు.

కొత్త ధరలు 2026 ఉత్పత్తి నుంచి వర్తిస్తాయి. మోహెయిర్‌పై ఖజానా ఖర్చు ఎంతో తేలేది దాని మార్కెట్ ధర పౌనుకు 5 డాలర్లకు దిగువకు వెళ్లినప్పుడే.