మంట ప్యాంక్రియాస్‌కి, దెబ్బ స్ప్లీన్‌కి

తాగే మనిషి నెత్తురు కక్కుకున్నడంటే వరంగల్ ఎంజీఎం దవాఖాన ముంగట చాయ్ కొట్టు దగ్గర కూడా ఒకటే మాట, లివర్ ఖరాబయింది అని. చాలాసార్లు నిజమే. కానీ కొందరికి లివర్ మంచిగనే ఉంటది, అసలు లొల్లి ప్యాంక్రియాస్‌లో, అదే మన క్లోమంలో మొదలైతది.

ప్యాంక్రియాస్ తోక ఎడమ దిక్కు పోయి స్ప్లీన్ (ప్లీహం) దగ్గరనే ఆగుతది, స్ప్లీన్ నుంచి నెత్తురు తెచ్చే సిర కూడా ప్యాంక్రియాస్ వీపును ఆనుకునే పోతది. తాగుడుతోనో పిత్తాశయం రాళ్లతోనో ప్యాంక్రియాటైటిస్, అంటే ప్యాంక్రియాస్ వాపు, వస్తే ఆ వాపు ఈ సిరకు తగిలి లోపల గడ్డ కట్టొచ్చు. తూము పూడుకపోతే చెరువు మత్తడి దుంకినట్టు, నెత్తురు జీర్ణాశయం పైభాగంలోని చిన్న సిరల్లోకి మళ్లుతది, అవి ఉబ్బి ఒక్కోసారి పగులుతయి, అట్ల నెత్తురు కక్కుకుంటరు. లివర్‌కి ఏ పాపం తెల్వదు.

ఇది పట్టాలంటే కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, కావాలె. పైసలు తక్కువని ప్లెయిన్ సీటీతో సరిపెడితే సిరలో గడ్డ సరిగ్గ కనబడదు, అల్ట్రాసౌండ్‌కేమో గ్యాస్ అడ్డమొస్తది. ముందు కిడ్నీలు ఎట్లున్నయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తరు, ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కుతది, అది మామూలే.

అసలు మజా టైమింగ్‌లో ఉంది. మందు ఎక్కిన 30 సెకన్లకు తీస్తే మంచి స్ప్లీన్ కూడా చారలు చారలుగ కనిపిస్తది, ఎందుకంటే లోపల నెత్తురు రెండు దారుల్ల, రెండు వేగాలతో పోతది, అది చూసి జబ్బనుకుంటే బోల్తా పడ్డట్టే. 70 సెకన్లకు మళ్లీ తీస్తే అంతా ఒకే రంగుకొస్తది. అప్పటికీ అంచున త్రికోణం లెక్క నల్లగ మిగిలిందంటే ఆ ముక్కకు నెత్తురు అందక చచ్చిందన్నట్టు, దాన్నే ఇన్‌ఫార్క్ట్ అంటరు. పైపొర కింద నెలవంక లెక్క ఉంటే నెత్తురు చేరిందేమో చూడాలె. సీటీ బొమ్మల తెలుపు నలుపులను కొలిచే హౌన్స్‌ఫీల్డ్ స్కేల్ మీద నీళ్లు 0, కొత్తగ గడ్డకట్టిన నెత్తురు 50 నుంచి 70 దాకా. ఆ స్కేల్ పెట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, ఇంజనీరు, 1979ల నోబెల్ వచ్చింది.

అట్లని 30 సెకన్ల బొమ్మ వేస్ట్ కాదు. ప్యాంక్రియాస్ రసాలు స్ప్లీన్ ధమని గోడను తినేస్తే అక్కడ బుడగ లేస్తది, సూడోఅన్యూరిజం. ఆ బొమ్మలనే అది బృహద్ధమని అంత తెల్లగ మెరుస్తది. ఉత్త నీటితిత్తి అనుకొని సూది గుచ్చితే ప్రాణం మీదికొస్తది. దొరికితే మాత్రం చాలామందికి పెద్ద కోత లేకుండనే, తొడ దగ్గరి ధమని నుంచి సన్న గొట్టం పంపి, కాయిల్స్ పెట్టి మూసేస్తరు.

సిర మూసుకపోయి కడుపులో నెత్తురు ఆగకపోతే స్ప్లీన్ తీసేస్తరు, ఇన్‌ఫెక్షన్లను ఆపే స్ప్లీన్ ఇగ ఉండదు కాబట్టి తర్వాత న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ లాంటి క్రిములకు టీకాలు తప్పకుండ వేయించుకోవాలె, జ్వరమొస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలె.