ఆడపిల్లకు జాగ్రత్తలు, మగపిల్లాడికి వార్నింగులు: బడిలో కౌన్సెలింగ్‌పై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పిల్లల కౌన్సెలింగ్ కూడా నాకే అప్పగించారు. స్టాఫ్ రూములో తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: మగపిల్లలకు కౌన్సెలింగ్ ఏంటి? రెండు తగిలిస్తే దారికొస్తారు.

మా వైపు చాలా ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తుంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ఆ ఇంటి ఆడపిల్ల డల్‌గా ఉంటే "పాపం, తల్లి దగ్గర లేదు" అంటాం. అదే ఇంటి కుర్రాడు ఎదురు మాట్లాడితే "గల్ఫ్ డబ్బు పొగరు" అంటాం. ఇద్దరిదీ ఒకటే బెంగ. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని చిన్నప్పుడే నోరు నొక్కేశాం కాబట్టి, వాడిది కోపంగానో బడి ఎగ్గొట్టడంగానో బయటపడుతుంది.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడేవాడు. రాత్రంతా ఫోన్ చూస్తున్నాడని అందరూ తేల్చేశారు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా?" అని అడిగితే అసలు సంగతి తెలిసింది. తాతకు తోడుగా రొయ్యల చెరువు కాపలా. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. జనరేటర్ వేయడానికి ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఇంట్లో అక్క ఉంది. రాత్రిపూట గట్టు మీదికి ఆడపిల్లను పంపరు కదా! వీడి నిద్ర గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆ తాతను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడితే చాలు, పిల్లాడికి చెప్పాల్సిన నీతులేమీ లేవు.

అపోహ: ఆడపిల్లలకు కౌన్సెలింగ్ అంటే జాగ్రత్తలు చెప్పడమే.

నిన్నటిదాకా కబడ్డీ ఆడిన పిల్ల పెద్దమనిషి ఫంక్షన్ అయ్యాక బడికొస్తే మనం మొదట అనే మాట "చున్నీ సరిగ్గా వేసుకో, మగపిల్లలతో మాటలు తగ్గించు". ఏం జరిగినా తప్పు నాదే అంటారని ఆ పిల్లకు అప్పుడే అర్థమైపోతుంది. రేపు బస్సులో ఎవడైనా చెయ్యేస్తే మన దగ్గరికెందుకు వస్తుంది?

అపోహ: ఆడపిల్లలు మేడమ్ దగ్గరికి, మగపిల్లలు సార్ దగ్గరికి.

ఎవరితో చెప్పుకోవాలో పిల్లలే ఎంచుకోవాలి. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమంలో పిల్లల ఆరోగ్య విషయాలు చూసుకోవడానికి బడికి ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ. ఇద్దరూ అందుబాటులో ఉంటే ఆ ఎంపిక కుదురుతుంది. నెలసరి పాఠం నేను అందరినీ కలిపి కూర్చోబెట్టే చెబుతాను. అన్నట్టు, వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మగపిల్లలకూ ఉంది. అది ఆడవాళ్లదని కిటికీలోంచి పారేస్తుంటారు!

అపోహ: ఆడపిల్లలా నడిచే కుర్రాడిని సరిచెయ్యాలి.

సరిచెయ్యాల్సింది ఏడిపించేవాళ్లని. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఎవరికి వారికే ఉందని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. పెద్దయ్యాక వాడేమవుతాడో టీచర్లు జోస్యం చెప్పక్కర్లేదు.

అపోహ: పిల్లలు చెప్పింది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకూడదు.

పరీక్షల టెన్షన్, ప్రేమలేఖ, స్నేహితురాలితో గొడవ లాంటివి మన దగ్గరే ఉండాలి. స్టాఫ్ రూములో కబుర్లుగా అసలు మారకూడదు. లైంగిక వేధింపు సంగతి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, సంస్థ బాధ్యులకైతే ఏడాది దాకా. పద్దెనిమిదేళ్లు నిండని మగపిల్లలకూ ఇదే చట్టం. హాస్టల్లో కుర్రాడికి జరిగితే "ఆటపట్టించారులే" అని సర్దేయడం కుదరదు.

అందుకే మాటలు మొదలవకముందే చెప్పేస్తాను: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీకు ప్రమాదం ఉందని నాకనిపిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకు చెప్పాలి, ముందు నీతో చెప్పాకే." చెప్పించిందే మళ్లీ మళ్లీ చెప్పించను. బిడ్డ అన్న మాటల్నే రాసుకుని, హెడ్మాస్టర్‌కు చెప్పి, పోలీసులకు తెలియజేస్తాం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి క్లాసు గోడ మీదా రాయించాం, బాత్రూముల దగ్గర కూడా.